గని లోపలి పర్యటన, గని ఊరి మ్యూజియం: బిస్బీ ఉదాహరణ

ప్రయాణంలో చూసిన స్థలాన్ని కూడా చరిత్రకు ఆధారంగా చదవవచ్చు. ఎలా చదవాలో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు చేరువలో, కొండల నడుమ బిస్బీ అనే చిన్న పట్టణం ఉంది. 1880లో రాగి గనుల వల్ల వెలసిన ఊరిది. గనిలో పెట్టుబడి పెట్టిన న్యాయమూర్తి డివిట్ బిస్బీ పేరే ఊరికి పెట్టారు. ఆయన మాత్రం ఒక్కసారైనా అక్కడ అడుగు పెట్టలేదంటారు! భూగర్భ గనులు 1975లో మూతపడ్డాయి. మరుసటి ఏడాదే క్వీన్ గనిలో కొంత భాగాన్ని సందర్శకులకు తెరిచారు. ఆ గనుల్లో పనిచేసి విరమించిన కార్మికులే గైడ్లయ్యారు.

గని లోపల

సందర్శకులకు హెల్మెట్, పసుపుపచ్చ కోటు, తలలైటు ఇస్తారు. చిన్న రైలు మీద గుర్రమెక్కినట్టు కాళ్ళు చెరోవైపు వేసి కూర్చుంటే, అది దాదాపు 1,500 అడుగులు కొండ లోపలికి తీసుకుపోతుంది. బయట ఎండ ఎంత కాసినా లోపల సుమారు 8 డిగ్రీల సెల్సియస్ చలి. సింగరేణి బావుల ఉక్కపోత ఎరిగిన వారికి ఇది వింతగానే తోస్తుంది.

లోపల గైడ్ వివరించేది ప్రధానంగా పని పద్ధతి. మొదట్లో సుత్తితో ఉక్కు కడ్డీని కొట్టి రాతికి రంధ్రాలు వేసేవారు. తరువాత గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లింగ్ యంత్రాలు వచ్చాయి. పని వేగం పెరిగింది, దానితో పాటు రాతి ధూళి కూడా. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చేది. అందుకే కార్మికులు ఆ తొలి యంత్రాలకు ‘విడో మేకర్’, అంటే భార్యను వితంతువును చేసేది, అని పేరు పెట్టుకున్నారు. రంధ్రంలోకి నీళ్ళు పంపే యంత్రాలు ఆ తరువాత వచ్చాయి. రంధ్రాల్లో డైనమైట్ కూరి పేల్చడం, పడిన ఖనిజాన్ని బండ్లకెత్తడం తరువాతి పనులు.

అయితే సందర్శకుడికి ఆ ధూళి తగలదు, పేలుడు పొగ తగలదు. గంటకో, గంటంబావుకో బయటపడతాడు. పనిముట్టు కనబడుతుంది గాని పనివాడి షరతులు కనబడవు. నా దృష్టిలో ఇలాంటి పర్యటనలన్నిటికీ ఉన్న పరిమితి ఇదే.

మ్యూజియంలో

బిస్బీ మ్యూజియం 1897 నాటి గని కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఉంది. ఈ విషయాన్ని విద్యార్థి ముందుగా గమనించాలి. కార్మికుల చరిత్రను మనం యజమాని ఇంట్లో నిలబడి చదువుతున్నామన్నమాట. అయినా ఆ మ్యూజియం సేకరణలో 1917 జులై 12 నాటి ఫోటోలున్నాయి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. రాగికి గిరాకీ పెరిగింది. జూన్ చివర్లో ఐ.డబ్ల్యు.డబ్ల్యు. అనే కార్మిక సంఘం నాయకత్వంలో సమ్మె మొదలైంది. కంపెనీలు దాన్ని దేశద్రోహమన్నాయి. జులై 12 తెల్లవారుజామున షెరిఫ్ హ్యారీ వీలర్ నాయకత్వంలో దాదాపు 2,000 మంది సాయుధులు ఇళ్ళ మీద పడి సమ్మెదారులను, వారి సానుభూతిపరులను పట్టుకుని బేస్‌బాల్ మైదానానికి నడిపించారు. సమ్మె విడవనన్న 1,186 మందిని 23 పశువుల పెట్టెల్లో ఎక్కించి, పక్క రాష్ట్రమైన న్యూమెక్సికో ఎడారిలో వదిలేశారు. వారిలో అనేక దేశాల నుంచి వలస వచ్చినవారు ఉన్నారు. మెక్సికన్లకు బిస్బీలో సాధారణంగా భూగర్భంలో పని ఇచ్చేవారు కాదు. తక్కువ కూలి గల ఉపరితల పనులే వారివి.

రెండింటినీ కలిపి చదవడం

ఇప్పుడు సమ్మె డిమాండ్లు చూడండి. ఒక్కో డ్రిల్లింగ్ యంత్రం వద్ద ఇద్దరు ఉండాలి. షిఫ్టు నడుస్తుండగా పేలుళ్ళు జరపకూడదు. రాగి ధరను బట్టి మారే కూలి బదులు భూగర్భ కార్మికునికి రోజుకు 6 డాలర్లు ఇవ్వాలి. చివరిది ఎవరికైనా అర్థమవుతుంది. మొదటి రెండూ కాగితం మీద చదివితే చిన్న కోరికల్లా తోస్తాయి. గనిలోకి వెళ్ళివచ్చిన వారికి మరోలా వినబడతాయి: ఒంటరిగా డ్రిల్లు పట్టినవాడి మీద కప్పు రాయి పడితే కేక వేసి పిలిచేదెవరు? పక్క సొరంగంలో పేల్చిన పొగ, పనిలో ఉన్నవాడి మీదికి రాక ఎక్కడికి పోతుంది?

అధ్యక్షుడు విల్సన్ నియమించిన కమిషన్ ఈ బహిష్కరణ చట్టవిరుద్ధమని తేల్చింది. కాని ఎవరికీ శిక్ష పడలేదు. ఇది కేంద్రం విచారించదగిన నేరం కాదని 1920లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊళ్ళో చాలాకాలం ఈ మాట ఎత్తేవారు కాదు. ఒక కుటుంబంలోనైతే ఒక సోదరుడే మరో సోదరుణ్ణి తుపాకీ చూపి పట్టుకుపోయాడు. నూరేళ్ళ తరువాత, 2017లో, ఊరివాళ్ళే వేషాలు కట్టి ఆ రోజును వీధుల్లో మళ్ళీ నటించారు. ‘బిస్బీ ’17’ అనే డాక్యుమెంటరీ చిత్రంలో దాన్ని చూడవచ్చు.

అభ్యాసం: మీ ప్రాంతంలో గని, మిల్లు లేదా క్వారీలో పనిచేసి విరమించిన ఒకరిని కలిసి, ‘మీ పనిలో ఒంటరిగా చేయకూడనిది ఏది? అది ఒంటరిగా చేయాల్సి వచ్చిందెప్పుడు?’ అని అడగండి. జవాబును వారి మాటల్లోనే రాసుకోండి.