ఒలింపిక్స్‌లో మన ఆఖరి గోల్... అమ్ముగూడ కుర్రాడిది!

2025 డిసెంబరులో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే నగరమంతా అదే ముచ్చట. ‘మనవాళ్లకి ఫుట్‌బాల్ ఎక్కడ వచ్చులే’ అన్న పెదవి విరుపూ మామూలే. కానీ కోఠి చౌరస్తాలో నిలబడి తులసీదాస్ బలరాం ఎవరో చెప్పమని అడగండి. చాలామంది తెల్లమొహం వేస్తారు. ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కొట్టిన చిట్టచివరి గోల్ ఆయనదే. 1960 సెప్టెంబరు 1న రోమ్ ఒలింపిక్స్‌లో పెరూ మీద, ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా కొట్టింది. ఆ తర్వాత మన జట్టు ఒలింపిక్స్ గడప తొక్కనేలేదు!

బలరాం పుట్టింది 1936లో, సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో. పేద తమిళ కుటుంబం. కొడుకు చదువుకుంటే చాలని తల్లి ఆశ, కొడుకు ధ్యాసంతా బంతి మీద. బూట్లు కొనే స్తోమత లేదు. చెప్పులు కుట్టే అతన్ని పట్టుకుని, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లనే ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. వాటితోనే స్థానిక లీగుల్లో ఆడుతుంటే రహీం సాబ్ కంట పడ్డాడు.

రహీం సాబ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. కోఠికి కూతవేటు దూరంలోని కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన శిక్షణలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. ఆయన పిలిస్తే ఎవరైనా పరిగెత్తుకెళ్లాల్సిందే. బలరాం మాత్రం ఇబ్బందిపడ్డాడు. అమ్ముగూడ నుంచి నగరానికి పదిహేను కిలోమీటర్ల పైమాటే, రోజూ రానూపోనూ డబ్బులెక్కడివి? సంగతి తెలిసిన రహీం, సైకిలు అద్దెకి తనే డబ్బులిచ్చాడట. మైదానానికి వచ్చేసరికే సగం కసరత్తు అయిపోయేదన్నమాట!

ఆ సైకిలు ప్రయాణం వృథా కాలేదు. 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో బలరాం ఉన్నాడు. అదే ఏడాది చివర్లో, ఇరవై ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి విమానమెక్కాడు. అక్కడ మన జట్టుది నాలుగో స్థానం. ఇప్పటికీ అదే మన రికార్డు.

మరుసటి ఏడు కలకత్తా పిలిచింది. ఈస్ట్ బెంగాల్ చొక్కా తొడుక్కుని వందకు పైగా గోల్స్ కొట్టాడు, 1961లో కెప్టెనయ్యాడు. ఎడమ పక్కన ఆడించినా, మధ్యలో ఆడించినా ఒకటే. బంతి కాలికి అతుక్కున్నట్టు ఉండేది. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... ఆ ముగ్గురూ ముందు వరసలో ఉంటే అవతలి జట్టుకి చెమటలే. రోమ్‌లో హంగరీ అంతటి జట్టు మీద కూడా మనవాళ్లు 1-2 తేడాతోనే ఓడారు. ఆ ఒక్క గోలూ బలరాందే.

1962 జకార్తా ఆసియా క్రీడలు మరీ గొప్పవి. థాయ్‌లాండ్ మీద ఒకటి, జపాన్ మీద ఒకటి కొట్టాడు. ఫైనల్లో స్టేడియం నిండా ఉన్న జనం మనకి వ్యతిరేకంగా అరుస్తున్నా 2-1తో దక్షిణ కొరియాని ఓడించి స్వర్ణం తెచ్చారు. శిక్షకుడు ఇంకెవరు, రహీం సాబే! ఆ ఏడాదే బలరాంకి అర్జున అవార్డు వచ్చింది.

అంతే... మరుసటి ఏడాదికి కథ మారిపోయింది. 1963 జూన్‌లో క్యాన్సర్ రహీంని తీసుకుపోయింది. ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.లో చేరిన బలరాంని ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఇక ఆడకూడదన్నారు. ఫార్వర్డ్‌కి అసలైన వయసు మొదలయ్యే ఇరవై ఏడేళ్లకే బూట్లు విప్పేశారాయన. అంతర్జాతీయ ఆట మొత్తం కలిపినా ఏడేళ్లు లేదు!

తిరిగి హైదరాబాద్ రాలేదు. రైల్వే ఉద్యోగం, కుర్రాళ్లకి శిక్షణ, ఆ తర్వాత హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరి జీవితం. తోటివాళ్లలో చునీకి 1983లో, పి.కె.కి 1990లో పద్మశ్రీ దక్కింది. బలరాంకి రాలేదు. ఎందుకు రాలేదో ఆయన గోల్స్ లెక్క చూసినవాళ్లకి మాత్రం అంతుపట్టదు.

2020లో మొదట పి.కె., నెల తిరిగేసరికి చునీ వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో బలరాం కన్నుమూశారు. రహీం జీవితంపై అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అందులో బలరాం పాత్ర కూడా ఉంది. అప్పటికి ఆయన పోయి పద్నాలుగు నెలలు.