తాళంచెవి అడిగే దొంగ

పూర్వపు దొంగలకు కన్నపుకత్తీ, చీకటి రాత్రీ కావలసి వచ్చేవి. గోడకు కన్నం వేసేటప్పుడు చప్పుడైతే ఇంటివాళ్ళు లేస్తారు, కుక్క మొరుగుతుంది. ఈనాటి దొంగకు ఆ బాధ లేదు. అతను ఎక్కడో వందల మైళ్ళ దూరాన కూర్చుని, పట్టపగలే మీ ఇంటికి ఫోను చేస్తాడు. "నమస్కారమండీ!" అంటాడు. తాళంచెవి ఇమ్మని మర్యాదగా అడుగుతాడు. చాలామంది ఇచ్చేస్తున్నారు కూడా!

ఇలా ఎందుకు జరుగుతున్నదో తెలియాలంటే ముందు ఆ తాళం సంగతి తెలియాలి.

ఒకప్పుడు కంప్యూటరు అంటే గదినిండా పట్టే యంత్రం. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ ఉన్నది. అక్కడ 1961లో ఫెర్నాండో కోర్బాటో అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ కలిసి, ఒకే కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో వాడుకునే పద్ధతి చేసి చూపించారు. ఒకరి రాతలు మరొకరు చూడకుండా ఉండాలి గదా? అందుకని ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపు మాట ఏర్పాటు చేశారు. అదే పాస్‌వర్డు.

ఆ పాస్‌వర్డులన్నీ ఒక పట్టీలో ఉన్నవి ఉన్నట్టుగా ఉండేవి. 1960ల నడిమికాలంలో ఒకనాడు, యంత్రాన్ని చూసుకునే ఉద్యోగులు ఇద్దరు ఒకేసారి పని చేస్తూండగా రెండు పట్టీలు తారుమారైనాయి. అందరికీ ఆ రోజు ప్రకటన కనిపించవలసిన చోట పాస్‌వర్డుల పట్టీ యావత్తూ ప్రత్యక్షమయింది!

ఇటువంటి ప్రమాదం ఉన్నది గనకనే, జాగ్రత్త గల సంస్థలు ఇప్పుడు మన పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచవు. తిరగలిలో విసిరినట్టు దాన్ని గణితపద్ధతిలో పిండి చేసి, ఆ పిండినే దాస్తాయి. పిండిని మళ్ళీ గింజలు చెయ్యలేం గదా! మనం పాస్‌వర్డు కొట్టినప్పుడల్లా దాన్ని కొత్తగా విసిరి, పాత పిండితో పోల్చి చూస్తాయి.

మరి దొంగ ఆ పిండినే ఎత్తుకుపోతే? వాడు తన యంత్రం చేత రకరకాల మాటలు విసిరించి, ఏది సరిపోతుందా అని చూస్తాడు. ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26. వాటితో ఎనిమిది అక్షరాల పాస్‌వర్డులు ఎన్ని వస్తాయి? ఎనిమిది 26లను గుణిస్తే సుమారు 20,882 కోట్లు! కాని సెకనుకు 100 కోట్ల మాటలు ప్రయత్నించగల యంత్రానికి అది మూడున్నర నిమిషాల పని. అక్షరాలు పన్నెండయితే అదే యంత్రానికి మూడేళ్ళు పడుతుంది. పదహారయితే 13 లక్షల ఏళ్ళకు పైగా పడుతుంది. చూశారా, నాలుగేసి అక్షరాలతో ఎంత తేడా వచ్చిందో!

అయితే ఆ అక్షరాలు పేర్లో, పుట్టిన తేదీలో కారాదు. దొంగ ముందుగా ప్రయత్నించేవి అవే. అర్థం లేని పదహారు అక్షరాలు ఎవరికి గుర్తుంటాయి అంటారా? దానికొక ఉపాయం ఉన్నది. కళ్ళు మూసుకుని నిఘంటువును ఐదుసార్లు తెరిచి, వేలు పడ్డ మాటలు తీసుకోండి. నెమలి, గానుగ, బొంగరం, వంతెన, ఆవకాయ వంటివి వస్తాయనుకుందాం. వాటిని ఇంగ్లీషు అక్షరాలలో వరసగా రాయండి. ఆ పదివేల మాటల నిఘంటువే దొంగ చేతిలో ఉన్నా, ఐదేసి మాటలను అన్ని విధాలా పేర్చి చూడడానికి వాడి యంత్రానికి 3,000 ఏళ్ళు చాలవు. సామెతలూ, సినిమా పాటల ముక్కలూ మాత్రం పనికిరావు. ఒకే చెవిని అన్ని తలుపులకూ పెట్టకండి. ఒకచోట పోతే అన్నిచోట్లా పోయినట్టే. పాస్‌వర్డులు కాగితం మీద రాసి బీరువాలో దాచుకున్నా తప్పు లేదు. దూరదేశపు దొంగ మీ బీరువా తెరవలేడు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. డబ్బు పంపే యూపీఐ పిన్ను నాలుగంకెలో, ఆరంకెలో ఉంటుంది. నాలుగంకెలతో వచ్చే పిన్నులు 10,000 మాత్రమే. యంత్రానికి అది రెప్పపాటు పని కూడా కాదు. మరి అది ఎలా భద్రం? ఎలాగంటే, కొద్దిసార్లు తప్పు కొట్టగానే బ్యాంకు తలుపు మూసేస్తుంది. ఊహించడానికి దొంగకు అవకాశమే ఇవ్వదు. ఇక ఓటీపీ ఒక్కసారికే, అదీ కొద్ది నిమిషాలే చెల్లుతుంది. ఇటువంటి తాళాన్ని దొంగ పగలగొట్టలేడు. కాబట్టే చెవి అడుగుతున్నాడు!

ఎలా అడుగుతాడో వినండి. ఒక మామ్మగారికి ఫోను వచ్చింది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామండీ. మీ కాగితాల గడువు దాటిపోయింది. సాయంత్రానికల్లా మీ ఖాతా మూసేస్తాం, పింఛను ఆగిపోతుంది. ఇప్పుడే ఆరంకెలు వస్తాయి, అవి చెప్పండి చాలు," అన్నాడు అవతలివాడు. మామ్మగారికి ఇంగ్లీషు రాదు. ఏడో తరగతి చదివే మనమరాలిని పిలిచి, "అమ్మడూ, ఈ అంకెలు కాస్త చదివి పెట్టవే," అన్నది.

ఆ పిల్ల అంకెల జోలికి పోకుండా ముందు సందేశమంతా చదివింది. 48,000 రూపాయల చెల్లింపుకు ఓటీపీ అనీ, ఎవరికీ చెప్పవద్దనీ అందులోనే ఉన్నది. "మామ్మా, ఇది నీ డబ్బు వాడికి పోయే చీటీ!" అంటూ ఆ పిల్ల ఫోను కట్టేసింది. మామ్మగారి ఏడాది మందుల డబ్బు నిలిచింది.

చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకు సందేశాలు చదివిపెట్టేది మీరే. గనక ఇంటికి కాపలా కూడా మీరే. అంకెలు చదివే ముందు సందేశమంతా చదవండి. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ను కొట్టనక్కరలేదని పెద్దలకు చెప్పండి. పిన్ను కొట్టామంటే డబ్బు మన దగ్గరనుంచి పోవచ్చునన్నమాట. తొందరపెట్టేవాణ్ణీ, భయపెట్టేవాణ్ణీ నమ్మకండి. పోలీసులమని చెప్పి, వీడియోలో "డిజిటల్ అరెస్టు" చేశామంటారు. మన చట్టంలో అటువంటి అరెస్టే లేదు. ఫోను పెట్టేసి, బ్యాంకు శాఖకు వెళ్ళి అడగండి. ఇంటర్నెట్టులో పరిచయమైనవారు ఎవరైనా మీ ఫొటోలు అడిగి, "మీ అమ్మకు చెప్పకు" అంటే ఆ క్షణమే అమ్మకు చెప్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. డబ్బు పోగానే 1930కి ఫోను చెయ్యండి. దొంగ ఆ డబ్బును ఖాతానుంచి ఖాతాకు తిప్పుతాడు. అది బయటికి పోకముందే తెలిస్తే ఆపే అవకాశం ఉంటుంది. మోసపోయినవారిని తిట్టకండి. తిడతారన్న భయంతో వాళ్ళు సంగతి దాచితే, ఆ కాస్త వ్యవధే దొంగకు చాలు.

పిల్లలూ, ఈ రాత్రికి మీకు రెండు పనులు. ఆరంకెలతో ఎన్ని పిన్నులు వస్తాయో లెక్క కట్టండి. తరవాత గోడమీది క్యాలెండరు పైన 1930 అని మామ్మకు కళ్ళద్దాలు లేకుండా కనిపించేటంత పెద్ద అంకెలతో రాయండి.