మూడేళ్ల గ్రాఫ్ చూసి నాన్నని భయపెట్టాను

‘అనంతపురంలో వానలు తగ్గిపోతున్నాయి, నాసా గ్రాఫే చెప్తోంది’ అన్నాను నాన్నతో. ఆయన వేరుశనగ మానేద్దామా అని ఆలోచనలో పడ్డాడు. తప్పు నాదే.

నాసా వాళ్ల జియోవన్నీ సైట్‌లో శాటిలైట్ డేటా మనం డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. ఏ కొలత, ఏ ప్రాంతం, ఏ తేదీలు, ఎలాంటి గ్రాఫ్ అని మెనూల్లో ఎంచుకుంటే చాలు. లెక్కంతా వాళ్ల సర్వర్‌లోనే జరిగి, మనకి బొమ్మ వస్తుంది.

నేనేమో మూడేళ్లే ఎంచుకున్నా. 2001 నుంచి పెట్టి చూస్తే వాన ఏటేటా ఎగుడుదిగుడే! పైగా ఐమెర్గ్ వాన డేటాలో ఒక్కో గడి సుమారు 10 కిలోమీటర్లు. మన చేను ఒక్కటే విడిగా కనిపించదు.

అందుకే గ్రాఫ్ షేర్ చేస్తే, ఏ తేదీలు, ఏ ప్రాంతం ఎంచుకున్నారో కూడా రాయండి.