కాఫీ తోటకూ కావాలి లొకేషన్ పిన్!

ఫుడ్ ఆర్డర్ పెట్టినప్పుడు లొకేషన్ పిన్ పక్క వీధిలో పడితే ఏమవుతుంది? డెలివరీ బాయ్ ఫోన్ చేస్తాడు, అంతే. అదే తప్పు కాఫీ తోటకు జరిగితే? ఆ రైతు గింజలు యూరప్ గడప దాటకపోవచ్చు.

యూరోపియన్ యూనియన్ 2023లో ఓ చట్టం తెచ్చింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని అక్కడ అమ్మకూడదు. పండిన ప్రతి కమతం అక్షాంశ, రేఖాంశాలనూ ఆరు దశాంశ స్థానాలతో చూపించాలి. అమలు వాయిదాలు పడుతూ వచ్చినా, మన కాఫీకి యూరప్ పెద్ద మార్కెట్. కాబట్టి సిద్ధం కాక తప్పదు.

చేస్తే చాలదు, చూపించాలి

అరకు సంగతే చూడండి. 2019లో జీఐ గుర్తింపు పొందిన అక్కడి అరబికాను గిరిజన రైతులు చిన్న చిన్న కమతాల్లో, చెట్ల నీడన పండిస్తారు. సిల్వర్ ఓక్‌కు మిరియాల తీగ పాకిస్తారు. రాలిన ఆకు నేలకు ఎరువు, వేళ్లు వాలు మీది మట్టికి కాపు. పర్యావరణానికి మంచి పద్ధతే. చిక్కల్లా ఏమిటంటే, నీడ తోట శాటిలైట్ చిత్రంలో అచ్చం అడవిలా కనిపిస్తుంది. రేపు రైతు నీడ చెట్లను కాస్త పలచన చేసినా, అడవి కొట్టాడని లెక్క తేలే ప్రమాదం ఉంది. నిజమేంటో తోటకు వెళ్లి, డేటాతో చెప్పగలిగే మనిషి కావాలి. ఆ మనిషి మీరెందుకు కాకూడదు?

ఏం నేర్చుకోవాలి?

సివిల్, కంప్యూటర్స్ వాళ్లు జీఐఎస్ పట్టండి. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, సెంటినెల్ శాటిలైట్ చిత్రాలు రెండూ ఉచితమే. కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ వాళ్లకు పల్పింగ్ యూనిట్లున్నాయి. పండ్ల తోలు తీసి కడిగిన నీటిని శుద్ధి చేయకుండా వాగులోకి వదిలితే, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. తక్కువ నీటితో పల్పింగ్, ఆ నీటి శుద్ధి మీ సబ్జెక్టే. అగ్రికల్చర్, లైఫ్ సైన్సెస్ వాళ్లు బెంగళూరులో కాఫీ బోర్డు నడిపే క్వాలిటీ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా వివరాలు చూడండి. ఎగుమతి సంస్థలు, సర్టిఫికేషన్ ఏజెన్సీలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో ఇలాంటి పనులుంటాయి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మీ ఊళ్లో తెలిసినవాళ్ల పొలం గట్టు వెంట ఫోన్‌తో నడిచి, హద్దు మ్యాప్ గీయండి. రెండో దశాంశంలో ఒక్క అంకె మార్చి చూడండి. పొలం దాదాపు కిలోమీటరు జరిగిపోతుంది! ఇంటర్వ్యూలో ఆ మ్యాప్ చూపించండి. పది సర్టిఫికెట్ల కన్నా గట్టిగా మాట్లాడుతుంది.