ప్లాట్‌ఫాం దాటితే అసలు ఊరు

పొడవులో రికార్డు పోయినా ఖరగ్‌పూర్‌లో చూడాల్సింది తగ్గలేదు. రైలు కిటికీకి అందని ఆ ఊరినీ, అందులోని నూరేళ్లు దాటిన తెలుగు చరిత్రనూ పట్టుకోవాలంటే సైకిలే దారి.

విశాఖ నుంచి హౌరా వెళ్లే తెలుగు ప్రయాణికులకు ఖరగ్‌పూర్ అంటే టీ తాగేంతసేపు ఆగే స్టేషన్. అక్కడికి హౌరా ఇంకా 116 కిలోమీటర్లు. రైలెక్కని వారికి అది ఒక జనరల్ నాలెడ్జ్ ప్రశ్న. ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫాం ఎక్కడుంది? కొన్ని తరాల పిల్లలు దీనికి ఖరగ్‌పూర్ అని రాసి మార్కులు తెచ్చుకున్నారు. 2013 అక్టోబరులో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో ఆ జవాబును మార్చేసింది. 2023 మార్చిలో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌ను వెనక్కి నెట్టింది. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడక్కడ దిగే వాళ్లకు రికార్డు దొరకదు. ఒక ఊరు దొరుకుతుంది.

ఆ ఊరిని చూడటానికి కారు పెద్దదైపోతుంది, కాళ్లు చాలవు. హౌరా, చెన్నై, టాటానగర్, మేదినీపూర్ వైపు వెళ్లే లైన్లన్నీ ఇక్కడే కలుస్తాయి. ఆ పట్టాలు ఊరిని ముక్కలుగా కోశాయి. ఒక ముక్క నుంచి మరో ముక్కకు ఏ గేటో, వంతెనో వెతుక్కుంటూ పోవాలి. అయితే నేల చాలావరకు చదును. స్టేషన్ నుంచి ఐఐటీకి అయిదు కిలోమీటర్లు. సైకిల్ ఉంటే చాలు. ఇక్కడ సైకిలేమీ వింత వాహనం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పశ్చిమ బెంగాల్‌లో 78.9 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. దేశంలో ఇదే అత్యధికం. జాతీయ సగటు 50.4 శాతమే. పైగా 2015 నుంచి ‘సబుజ్ సాథీ’ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వమే సైకిళ్లు ఇస్తోంది.

భీముడి దగ్గర మొదలు

ఊరు ఎక్కడ మొదలైందో చూడాలంటే ముందు స్టేషన్‌ను వదిలి ఇందా వైపు తొక్కాలి. దారి పేరు ఓ.టి. రోడ్డు. ఒరిస్సా ట్రంక్ రోడ్డుకు అది పొట్టి పేరు. రైలు రాకముందు బెంగాలీ యాత్రికులు పూరీ జగన్నాథుడి దర్శనానికి కాలినడకన వెళ్లిన బాట అది. ఇందాలోని ఖడ్గేశ్వర శివాలయం పేరు మీదే ఊరికి ఖరగ్‌పూర్ అని వచ్చిందని ఒక కథనం. మల్లభూమ్ రాజు ఖడ్గమల్లుడు గెలిచిన ఊరు కాబట్టి ఆ పేరని ఇంకొక కథనం. భీముడు హిడింబాసురుణ్ణి చంపి హిడింబను పెళ్లాడింది ఈ మిట్ట మీదేనని స్థలపురాణం. పీర్ లోహానీ సమాధి దగ్గర హిందువులూ ముస్లింలూ ఇద్దరూ మొక్కుకుంటారు.

1901 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో ఉన్నది 3,526 మంది. గుడీ, దర్గా, రాళ్లమిట్ట, చుట్టూ అడవి. ఆ లెక్కలు తీసేనాటికే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ పట్టాలు ఇక్కడికి చేరుకున్నాయి. మిగతా కథంతా ఆ కంపెనీ రాసిందే.

హోదాను బట్టి వీధి

1887లో ఏర్పడిన ఈ కంపెనీని జనం బి.ఎన్.ఆర్. అనేవారు. స్టేషన్‌తో పాటు భారీ వర్క్‌షాపునూ, దాని చుట్టూ ఉద్యోగుల కోసం ఒక ఊరునూ కట్టింది. సౌత్ సైడ్‌లో సైకిల్ మీద వెళుతుంటే వెడల్పాటి అవెన్యూలు, కాంపౌండ్ల లోపల బంగళాలు కనిపిస్తాయి. హ్యాండిల్ తిప్పి ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటీ, నీంపురా వైపు వెళ్లండి. ఇళ్లు దగ్గరకు జరుగుతాయి, గోడలు కలిసిపోతాయి. బి.ఎన్.ఆర్. ఉద్యోగి ఎక్కడ నివసించాలో అతని హోదా, ఆ రోజుల్లో ఒంటి రంగు కూడా నిర్ణయించేవి. ఇంగ్లీషు అధికారులు ఒకచోట, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఒకచోట, ఖలాసీలు మరోచోట. కంపెనీ పోయింది. ఆ తేడా ఇళ్ల వరసల్లో ఇంకా చదువుకోవచ్చు. గంటకు పది కిలోమీటర్ల వేగంలో అది తెలిసినట్టు మరే వేగంలోనూ తెలియదు.

పేర్లు కూడా సరదాగా ఉంటాయి. ‘ట్రాఫిక్’ అనేది ఇక్కడ ఒక పేట, వాహనాల రద్దీకి దాంతో సంబంధం లేదు. రైల్వేలో ట్రాఫిక్ అంటే రైళ్లు నడిపించే శాఖ. గోల్‌బజార్ అంటే గుండ్రటి బజారు. దసరాకు రావణుణ్ణి తగలబెట్టే చోటు రావణ్ మైదాన్. ‘సెర్సా’ స్టేడియం దగ్గర కుర్రాళ్లు ఎందుకు ఆగుతారో చెప్పనక్కర్లేదు. 2001 నుంచి 2003 దాకా ఈ స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేసిన మహేంద్రసింగ్ ధోనీ క్రికెట్ ఆడిన చోటు అది.

వాల్తేరు నుంచి వచ్చిన పట్టాలు

ఈ పేటల్లో నెమ్మదిగా వెళుతుంటే చెవిన పడే భాష ఒక్కోసారి మనదే. బెంగాలీ, హిందీ పదాలు కలిసిన ఉత్తరాంధ్ర యాస. ఇడ్లీ, దోసె బళ్లు, గుమ్మాల మీద రావు, నాయుడు, మూర్తి అన్న పేర్లు. మలంచలో బాలాజీ మందిర్ పల్లి అని ఒక వాడే ఉంది. ఆంధ్రా హైస్కూల్, తెలుగు విద్యా పీఠం లాంటి బళ్లున్నాయి. తెలుగువాళ్ల ‘మాతా పూజ’ బెంగాలీలకు కూడా తెలిసిన పండగ.

బెంగాల్ నడిబొడ్డున ఇంతమంది తెలుగువాళ్లు ఎందుకున్నారు? జవాబు రైల్వే పటంలో ఉంది. బెజవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరం లైనును 1893-96 మధ్య ప్రభుత్వం వేసింది. తర్వాత దాన్ని రెండుగా పంచారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్నది 1901లో మద్రాస్ రైల్వేకి వెళ్లింది. వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న 514 కిలోమీటర్లు 1902లో బి.ఎన్.ఆర్.లో కలిసింది. దాంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే యజమాని చేతికి వచ్చాయి. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో పనిలేని వాళ్లకు రైలే పని చూపించింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఫిట్టర్లయ్యారు, బాయిలర్ మేకర్లయ్యారు, ఖలాసీలయ్యారు.

వారి కథలో ఒక రాష్ట్రపతి కూడా ఉన్నాడు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల కోత పెద్ద పోరాటానికి దారితీసింది. బి.ఎన్.ఆర్. కార్మికుల నాయకుడిగా వి.వి.గిరి పేరు దేశానికి తెలిసింది 1927-28 నాటి ఆ సమ్మె రోజుల్లోనే. 1969లో ఆయన రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. ఆ వర్క్‌షాపు గోడ పక్కనుంచి సైకిల్ మీద వెళ్లే వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుంటుంది?

జైలు గోడల్లో కాలేజీ

పూరీ గేటు దాటి ముందుకు పోతే హిజిలీ. ఐఐటీ ప్రాంగణంలోకి వెళ్లాలంటే గేటు దగ్గర సెక్యూరిటీ వారి అనుమతి కావాలి. దాదాపు 2,100 ఎకరాల ఈ ప్రాంగణంలో సైకిల్ లేని విద్యార్థి అరుదు. చదువు ముగించిన వాళ్ల సైకిళ్లు కొత్తగా వచ్చినవాళ్ల చేతికి మారుతుంటాయి. లోపల పాత భవనం ముందు సైకిల్ దిగండి. దాని పేరు హిజిలీ షహీద్ భవన్.

1930లో బ్రిటిష్ ప్రభుత్వం రాజకీయ ఖైదీల కోసం దీన్ని నిర్బంధ శిబిరంగా మార్చింది. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా పోలీసులు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వారి భౌతికకాయాలను తీసుకువెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ టాగోర్ మాట్లాడారు. 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది ఈ భవనంలోనే. ఆ ఏడాది ఆగస్టు 18న మౌలానా ఆజాద్ దాన్ని ప్రారంభించారు. 1956లో తొలి స్నాతకోత్సవానికి వచ్చిన నెహ్రూ, జైలు కాలేజీగా మారిన సంగతిని ప్రస్తావించకుండా ఉండలేకపోయారు. 1990 నుంచి అందులో ఆయన పేరు మీదే సైన్స్ మ్యూజియం ఉంది.

జైలుకూ కాలేజీకీ మధ్య ఇంకో అంకం నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఈ భవనాన్ని తీసుకుంది. బి-29 బాంబర్లను నడిపిన ఇరవయ్యో బాంబర్ కమాండ్ ప్రధాన స్థావరం 1944లో ఖరగ్‌పూర్‌లో ఉండేది. 1944 జూన్ 5న బ్యాంకాక్ రైల్వే యార్డుల మీద ఆ విమానాలు చేసిన తొలి దాడి ఈ చుట్టుపక్కల రన్‌వేల మీది నుంచే మొదలైంది. ఎర్రమట్టి దారిలో ఇంకాస్త తొక్కే ఓపిక ఉంటే సలువా వస్తుంది. ఆనాటి విమానాశ్రయాల్లో అదొకటి. తర్వాత ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్‌కు కేంద్రమైంది. బెంగాలీ పల్లెల మధ్య గూర్ఖాల ఊరు. అటు కలైకుండా వైమానిక స్థావరం మాత్రం నేటికీ వాయుసేనదే. దాన్ని దూరం నుంచి చూసి వెనక్కి తిరగాలి.

ఎవరి జ్ఞాపకం?

హిజిలీకి భవనముంది, మ్యూజియముంది, అమరుల పేర్లున్నాయి. రైలు కూలీల చరిత్రకు క్వార్టర్లే మ్యూజియం. అదే అసలు చిక్కు. క్వార్టర్ రైల్వేది. రిటైరైన రోజుతో దాని మీద హక్కు పోతుంది. తాత పుట్టి, తండ్రి పెరిగిన ఇల్లైనా తాళం చెవి తిరిగి ఇవ్వాల్సిందే. పాతబడిన క్వార్టర్లను నివాసానికి పనికిరావని ప్రకటించి కూల్చడం రైల్వేలో ఎక్కడైనా జరిగేదే. నిన్నమొన్నటి దాకా ఊరికీ ఈ కాలనీలకూ మధ్య గీత కూడా ఉండేది. 2001 జనగణనలో రైల్వే సెటిల్‌మెంట్‌ను ఊరికి వేరుగా లెక్కించారు.

పని స్వభావమూ మారింది. వందలాది చేతులు చేసిన పనికి ఇప్పుడు కొన్ని కంప్యూటర్లు చాలు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌లో అమర్చిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ ఒక్కటే 800 రూట్లను నియంత్రిస్తుంది. ఆవిరి ఇంజన్లు పోయాక బిట్రగుంట ఏమైందో నెల్లూరు జిల్లా వాళ్లకు తెలుసు. ఖరగ్‌పూర్ అంతలా కళ తప్పలేదు. కానీ పాత పనులతో పాటే ఆ పనుల కథలూ వెళ్లిపోతున్నాయి.

గుర్తింపు రాలేదని కాదు. 2020 డిసెంబరులో, అసెంబ్లీ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల కోరికే దానికి ఆధారం. ఎన్నికల లెక్క ఎలా ఉన్నా అది చిన్న విజయం కాదు. అయితే ఉత్తర్వు కాపాడగలిగేది భాషను మాత్రమే. ఏ వరస క్వార్టర్లలో ఏ ఊరి వాళ్లుండేవారు, సమ్మె రోజుల్లో ఎక్కడ సమావేశమయ్యారు, మాతా పూజ ఊరేగింపు ఏ సందులోంచి వెళ్లేది లాంటి వివరాలు ఉత్తర్వుల్లో ఉండవు. పెద్దవాళ్ల నోళ్లలో ఉంటాయి.

వాటిని అడిగి రాసుకునేందుకు ప్రభుత్వ నిధులేమీ అక్కర్లేదు. చలికాలంలో ఒక ఆదివారం ఉదయం, గాలి నిండిన రెండు టైర్లు, ఒక నోటుపుస్తకం, తెలుగులో పలకరించే అలవాటు ఉంటే సరిపోతుంది. ఐఐటీలో చదివే తెలుగు విద్యార్థులకు మొదటిది ఎలాగూ ఉంది. మథురాకాటీ అక్కడి నుంచి సైకిల్ దూరమే.