గుంతలు లేని గోల్ఫు... గోమాళంలో పట్టేనా?

మిట్టేమరి: బడి వదిలాక పిల్లలకు ఆట కావాలి. ఆటకు నేల కావాలి. బాగేపల్లి తాలూకాలో నేలకేం కొదవ లేదు. చదునైన నేలకే కొదవ. ఎటు చూసినా గుట్టలు, బండలు, కంపచెట్లు. క్రికెట్టు మైదానం చేయాలంటే ముందు జేసీబీ రావాలి. అది వచ్చిందంటే చెట్లు పోతాయి. ఆ వెనకే కాంపౌండు గోడ లేస్తుంది. గొర్రెలకు దారి మూసుకుపోతుంది. గుట్టను గుట్టలాగే ఉంచి ఆడే ఆట ఒకటుంది. దాని పేరు డిస్క్ గోల్ఫు. మిట్టేమరి హోబళి లాంటి చోట అది కుదురుతుందా అన్నది ఆలోచించదగ్గ సంగతే.

ఇదేం ఆట సామీ?

గోల్ఫు అనగానే బెంగళూరు పెద్దమనుషులు, పచ్చిక, దానికి పెట్టే నీళ్లు గుర్తుకొస్తాయి. వెయ్యి అడుగులు తవ్వినా బోరు పడని సీమలో ఆ మాటెత్తితే జనం నవ్వుతారు. ఇందులో పచ్చిక లేదు, కర్ర లేదు, బంతీ లేదు. ఉన్నదల్లా జానెడు వెడల్పున్న ప్లాస్టిక్కు పళ్లెం. బరువు 150 నుంచి 175 గ్రాముల దాకా ఉంటుంది. మొదలుపెట్టిన చోటి నుంచి విసరాలి. ఎక్కడ పడితే అక్కడి నుంచే మళ్లీ విసరాలి. చివరికి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయాలి. తక్కువ విసుర్లతో వేసినవాడే గెలిచినట్టు. మధ్యలో కానుగ చెట్టో, బండో అడ్డం వస్తే అదే ఆటలో మజా.

ఈ ఆటకు మొదటి శాశ్వత కోర్సు 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ అనే పార్కులో వెలిసింది. వేయించినాయన ఎడ్ హెడ్రిక్. మొదట్లో బుట్టలు లేవు, ఉత్త స్తంభాలే. పళ్లెం తగిలిందా లేదా అని తగువులు పడేసరికి గొలుసుల బుట్ట కనిపెట్టాడు. 1976లో ఆటగాళ్ల సంఘమూ పెట్టాడు. (2002లో పోయాక ఆయన చితాభస్మాన్ని కలిపి పళ్లేలే పోయించారు. అంత పిచ్చి!) ఇప్పుడు లోకంలో ఇలాంటి కోర్సులు పదివేలకు పైనే ఉన్నాయి. ఎక్కువ భాగం పార్కుల్లోనే, టిక్కెట్టు లేకుండానే.

గోమాళం ఎవరిది?

పిల్లలకు సరిపోయే తొమ్మిది బుట్టల కోర్సుకు అయిదారు ఎకరాలు చాలు. ఊళ్లో అంత ఖాళీ నేల అనగానే అందరి వేలూ గోమాళం వైపే చూపిస్తుంది. చిక్కంతా అక్కడే. ‘‘పంచాయితీ వాళ్లు ఊఁ అంటే అయిపోయె’’ అనుకుంటే పొరపాటు. గోమాళం సర్కారు భూమి. 1964 నాటి కర్ణాటక భూకందాయ చట్టం 71వ సెక్షను ప్రకారం ఒక పనికి కేటాయించిన భూమిని జిల్లాధికారి మంజూరు లేకుండా ఇంకో పనికి వాడకూడదు. 1966 నాటి నియమాల్లో మేపుకు లెక్క కూడా ఉంది. నూరు పశువులకు 12 హెక్టార్లు, అంటే దాదాపు 30 ఎకరాలు విడిచిపెట్టాలి.

అందుకే అర్జీ రాసే తీరులోనే ఉంది కిటుకంతా. ‘ఆట మైదానానికి భూమి ఇవ్వండి’ అని రాస్తే మేపు తగ్గినట్టు లెక్క. ‘మేపు మేపుగానే ఉండనీ, కంచె వేయం, చెట్టు కొట్టం, తొమ్మిది చోట్ల స్తంభాలు పాతుకోవడానికి అనుమతించండి’ అని అడగడం వేరు. రెంటికీ జిల్లాధికారి దాకా పోక తప్పదు. కానీ రెండోదానికి గొర్రెలు కాసేవాళ్లు అడ్డం చెప్పే అవసరం రాదు.

ఇంకో ముల్లుంది. గోమాళంలో ఏళ్లుగా రాగో, శెనక్కాయో వేసుకుంటున్న బీదాబిక్కీ ఉంటారు. బగర్‌హుకుం కింద ఫారం 57 పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు వీళ్లే. ఆట పేరు చెప్పి వాళ్లను లేపడం ఏ లెక్కనా న్యాయం కాదు. నాడకచేరిలో పహణీ తీయించి, ఆ సర్వే నంబరు మీద అర్జీలేమైనా పెండింగులో ఉన్నాయా అని రెవెన్యూ ఇన్‌స్పెక్టరును అడిగాకే మిగతా మాట.

గీత గీసేది ఎవరు?

భూమి తేలాక వార్డుసభ, గ్రామసభ. చట్టప్రకారం గ్రామసభ ఆరు నెలలకొక్కసారైనా జరగాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగైనా అర్జీ, తీర్మానం కన్నడలోనే ఉండాలి కదా! బడి అయ్యవారి చేత ముందే రాయించుకుంటే పీడీవో దగ్గర పని తేలిక.

నక్షా కాగితం మీద గీస్తే కుదరదు. పీడీవో, సర్వేయరు, ఊరి పిల్లలు కలిసి గుట్ట మీద నడవాలి. వాళ్లతో పాటు ఒక గొర్రెల కాపరిని తప్పక పిలవాలి. మంద ఏ వేళకు ఏ దారిన దిగుతుందో, ఆడవాళ్లు పొలానికి ఎటు పోతారో ఆయనకు తెలిసినట్టు సర్వేయరుకు తెలియదు. పళ్లెం గట్టిది, తలకు తగిలితే పగులుతుంది. అందుకని విసిరే దారి ఏ కాలిబాటనూ దాటకూడదు. రోడ్డుకూ బడి గోడకూ దూరంగా ఉండాలి. పడమటి వైపు బుట్ట పెడితే సాయంత్రం ఎండ కళ్లలోకి కొడుతుంది. మొదటి బుట్టలు యాభై, అరవై మీటర్లకు మించకపోతేనే పిల్లలకు ఆట పట్టుబడుతుంది.

డబ్బు సంగతి... 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద ఆట మైదానాలు అనుమతి ఉన్న పనులే. ఖర్చులో కూలికి 60 శాతమైనా పోవాలన్న నియమం ఉండేది. ఇక్కడేమో మట్టి పని తక్కువ, ఇనుము ఎక్కువ. ఆ లెక్కకు ఇమడడం కష్టమే. పైగా 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరేది చేసింది. కాబట్టి ఈ పని ఏ పద్దులో వస్తుందో తాలూకా పంచాయితీ ఈవో దగ్గరే కనుక్కోవాలి. బుట్టలు మాత్రం బాగేపల్లిలో ఏ వెల్డింగు షాపులోనైనా చేయించుకోవచ్చు. కావలసింది ఒక పైపు, రెండు చట్రాలు, కొన్ని గొలుసులు.

అదంతా తేలేలోగా ఒక ఆదివారం చెట్లకు పాత టైర్లు కట్టి ఆడి చూడవచ్చు. ఏ దారిన గొర్రెలు అడ్డం వచ్చాయో, ఏ పళ్లెం కంపల్లో పోయిందో రాసి పెట్టుకుంటే గ్రామసభలో చూపించడానికి అదే మొదటి కాగితం.