పిల్లలకు పాత వీణ కొనునప్పుడు

పిల్లకు వీణ నేర్పింపవలెనని తలంచిన ఇంట మొదట పుట్టు ప్రశ్న వాద్యమును గూర్చినది. కొత్త వీణ వెల విని తండ్రి వెనుకాడును. పిల్లకు ఈ యాసక్తి నిలుచునో నిలువదో యని తల్లి సందేహించును. అంతలో ఏ బంధువో వచ్చి, "మా అటకమీద మా అత్తగారి వీణ యున్నది, ఏదో ఇంత యిచ్చి పట్టుకొని పొండు" అనును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో పెక్కు ఇండ్లకు వీణ ఇట్లే వచ్చును. ఇది మంచి మార్గమే. కాని చూచి కొనవలెను. చూచుటకంటె విని కొనవలెను.

మేమును ఒకప్పుడు కంటిని నమ్మి చెవిని మరచితిమి. యాళి ముఖము అందముగ నున్నది, నగిషీ చెక్కు చెదరలేదు, వెల తక్కువ. వెంటనే కొంటిమి. నాలుగు నెలలు గడచినను పిల్ల చేతిలో పంచమము నిలువలేదు. శ్రద్ధ లేదని మేము కోపపడితిమి. తుదకు వీణలు బాగుచేయు వృద్ధుడొకడు వచ్చి, రెండు తీగలు మీటి చూచి, "తప్పు పాపది కాదండి, మెట్టుది" అనెను. మైనము కరగి మెట్లు జరిగియున్నవి. వానిని సరిచేయుటకు రెండు దినములు పట్టినది. తనకు సంగీతము రాదని నిశ్చయించుకొన్న పిల్ల మనస్సు సరియగుటకు ఏడాది పట్టినది. పాత వాద్యము కొనుటలో అసలు నష్టము ధనము కాదని మాకు అప్పుడు తెలిసినది.

కావున పరీక్షకు ఒక క్రమము చెప్పుచున్నాము. బాగుచేయ వీలులేని దానిని మొదట చూడవలెను, వీలైన దానిని పిమ్మట చూడవలెను. పాశ్చాత్య దేశములలో పాత పియానో కొనువారును ఇట్లే చేయుదురు. అందు ఇన్నూటికి పైబడిన తీగలు టన్నుల కొలది బరువుతో లాగుచుండును. ఆ లాగుడునకు ఓర్చు ఇనుప చట్రము, నాదమిచ్చు పలక పగులక యున్నవో లేవో చూచిన పిదపనే వారు పైమెరుగును చూతురు.

వీణలో ఆ స్థానము కొయ్యది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి పనివారు కుండ, దండి, యాళి ముఖము ఒకే పనస మానునుండి తొలుతురు. దానిని ఏకాండ వీణ యందురు. భాగములు వేరువేరుగ చేసి అతికినవియు కలవు. అవి చెడ్డవి కావు, కాని అతుకు విడిపోరాదు. దండి కుండతో కలియు చోటును వెలుతురులో పరికింపుడు. గుర్రము నిలుచు పైపలక క్రుంగినదేమో వ్రేలితో తడవి చూడుడు. వడ్రంగి పలకను ఒంటికంట చూచునట్లు దండిని ఒక చివరనుండి చూచినచో వంపు తెలియును. కుండను మెల్లగ తట్టినప్పుడు సన్నని రంధ్రములనుండి పిండివంటి పొడి రాలినచో పురుగు పట్టినదని యర్థము. ఈ దోషములలో ఏది యున్నను, వెల యెంత తగ్గించినను, నమస్కరించి లేచి రావలెను.

కొయ్య మంచిదైనచో మెట్లను పరీక్షింపవలెను. వీణకు ఇరువదినాలుగు మెట్లుండును. స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలు. అవి బొగ్గుపొడి కలిపిన మైనముపై నిలుచును. సారణితీగను పండ్రెండవ మెట్టుపై నొక్కి మీటినచో పై షడ్జము పలుకవలెను. రెండవదగు పంచమపు తీగను అయిదవ మెట్టుపై నొక్కినచో, ఉట్టి సారణితో ఏకమై పలుకవలెను. మూడవ తీగను ఏడవ మెట్టుపై నొక్కినచో, ఉట్టి పంచమపు తీగతో కలియవలెను. రెండు నాదములు కలిసి అలలవలె ఊగినచో శ్రుతి తప్పినదన్నమాట. అయితే తీగలను ముందుగ చక్కగ శ్రుతిచేసిన తరువాతనే ఈ పరీక్ష చెల్లును. అందుచేత పిల్లకు చెప్పబోవు గురువుగారిని వెంట తీసికొని పోవుట ఉత్తమము.

మెట్లు తప్పియున్నంత మాత్రమున వీణను విడువ నక్కరలేదు. మైనము మార్చి మెట్లను తిరిగి కూర్చవచ్చును. దీనినే మేళము కట్టుట యందురు. మెట్లపైనను గుర్రము లోహపు రేకుపైనను తీగల గాట్లు పడియున్నచో నాదము జరజరలాడును. అరగదీసి నున్నచేయ వచ్చును. జారు బిరడలకు సుద్ద పూయుదురు. తీగలు ఎట్లును కొత్తవి వేయవలసినవే. ఈ ఖర్చులన్నియు ముందుగ తెలిసికొని, అడిగిన వెలకు కలిపి లెక్క చూచుకొనవలెను. అపుడు చౌకయో కాదో తేలును.

పిల్లను కూర్చుండబెట్టి చూచుటయు మరువరాదు. కుడిచేయి కుండమీదుగ తీగలకు అందవలెను. ఎడమచేయి భుజము మెలిపడకుండ మొదటి మెట్టును చేరవలెను. అందనిచో ఒక యేడాది గాత్రము నేర్పింపుడు. ఆ కాలము వృథా కాదు. స్వరము ముందు గొంతులో నిలిచిన పిల్లకు వ్రేళ్లలో త్వరగ నిలుచును.

కొన్న పిదప మన కోనసీమ గాలిని తలంచుకొనవలెను. వానకాలమున బిరడలు ఉబ్బి బిగిసికొనును, బలవంతముగ త్రిప్పరాదు. చెమ్మగోడకు వీణ ఆనించరాదు. ప్లాస్టికు సంచిలో కట్టిపెట్టినచో లోపల చెమ్మ నిలుచును. నూలుగుడ్డ గవిసెన మేలు. రోహిణీకార్తె యెండ తగులు కిటికీ ప్రక్కను ఉంచినచో మైనము మెత్తబడి, మా యింట జరిగినదే మీ యింటను జరుగును.

గౌతమి ఆవలి గట్టున ద్రాక్షారామములో 1922లో ఈమని శంకరశాస్త్రిగారు జన్మించిరి. వారి శిష్యులు చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో జన్మించిరి. మన పిల్లలందరును అంతటి వారు కానక్కరలేదు. కాని మీటిన ప్రతిసారియు నిజమైన పంచమము వినుటకు ప్రతి పిల్లకును హక్కు కలదు. వీణ కొనునప్పుడు పెద్దలు కాపాడవలసినది ఆ హక్కునే.